మీకు మీరిచ్చుకున్న మాట మీద నిలబడటం ఎలా?

కొత్త నోటుబుక్కులో మొదటి పేజీ ఎప్పుడూ ముచ్చటగానే ఉంటుంది. నా అలమరాలో అలాంటివి ఏడున్నాయి. ప్రతిదాంట్లో పది పదకొండు పేజీల దాకా గుండ్రటి చేతిరాత, స్కేలు పెట్టి గీసిన గళ్లు, ఎర్ర ఇంకు టిక్కులు. ఆ తర్వాత అన్నీ తెల్లకాగితాలే. ఆరంభశూరత్వం అని మనవాళ్లు ఎంత కచ్చితమైన పేరు పెట్టారో ఆ ఏడింటినీ పక్కపక్కన పెట్టి చూసినప్పుడు అర్థమైంది.

నాకు పట్టుదల లేదనే చాలాకాలం అనుకున్నాను. ఇప్పుడలా అనుకోవడం లేదు. ఎవరికైనా ఆరింటికి వస్తానని చెబితే ఆరింటికే వెళ్తాను. అప్పు తీసుకుంటే చెప్పిన తేదీకి తీరుస్తాను. తప్పేదల్లా నాకు నేను చెప్పుకున్న మాటే. అడిగేవాళ్లు లేని మాట కదా! అలా పదిసార్లు తప్పాక, పదకొండోసారి "రేపటి నుంచి చూడు" అనుకోగానే లోపలెవరో కిసుక్కున నవ్వుతారు. మన మాట మీద మనకే నమ్మకం పోయిందనడానికి గుర్తు ఆ నవ్వే. స్వీయ నాయకత్వం, క్రమశిక్షణ, మనోధైర్యం అని పెద్ద పేర్లతో పిలిచేవన్నీ ఆ నమ్మకం చుట్టూనే తిరుగుతాయని నా లెక్క. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. ఇంటికన్నా ముందు గెలవాల్సిన చోటు ఇది.

కింద చెప్పినవి వరసగా చేయండి. అన్నీ ఒకేరోజు మొదలుపెడితే మీ అలమరా కూడా నా అలమరాలాగే తయారవుతుంది.

మొదటి వారం ఏమీ మార్చకండి

వింతగా అనిపించినా సరే, ఏడు రోజులు అలవాట్ల జోలికి పోకండి. ఒక కాగితం మడిచి జేబులో పెట్టుకోండి. చేద్దామనుకున్నది చేయనప్పుడూ, వద్దనుకున్నది చేసినప్పుడూ మూడు సంగతులు రాయండి: టైమెంత, ఎక్కడున్నారు, దానికి ముందు ఐదు నిమిషాల్లో ఏం జరిగింది. అంతే. తిట్లు, సంజాయిషీలు రాయొద్దు.

నా కాగితంలో పద్నాలుగు తప్పులు తేలాయి. అందులో పదకొండు రాత్రి తొమ్మిది దాటాకే. వాటిలోనూ సగానికి పైగా ముందురోజు నిద్ర చాలని రోజులవే. నేను బద్ధకమనుకుంటున్నది చాలావరకు అలసటేనన్నమాట. పెద్దవాళ్లకు రోజుకు కనీసం 7 గంటల నిద్ర కావాలని వైద్యులు చెబుతారు. మీ కాగితంలోనూ ఇదే కనిపిస్తే మిగతావన్నీ పక్కనపెట్టి ముందు పడుకునే టైము సరిచేసుకోండి. నిద్రలేని మనిషికి క్రమశిక్షణ నేర్పడం చిల్లుకుండలో నీళ్లు పోసినట్టే.

ఒక్క మాట, అదీ జ్వరం వచ్చినా చేయగలిగేంత చిన్నది

రెండో వారంలో ఒకే ఒక్క పని ఎంచుకోండి. దానికి రెండు పరీక్షలు పెట్టండి. మొదటిది, పక్కన కూర్చున్న మనిషి చూసి చేశారో లేదో చెప్పగలగాలి. "ఓపిగ్గా ఉంటాను", "బాగా చదువుతాను" అనేవి ఈ పరీక్షలో నిలబడవు. "పుస్తకం తెరిచి ఒక పేజీ చదువుతాను" నిలబడుతుంది. రెండోది, ఒళ్లు వెచ్చబడిన రోజు, ఇంటికి చుట్టాలొచ్చిన రోజు, ప్రయాణంలో ఉన్న రోజు కూడా ఆ పని చేయగలగాలి.

ఒక పేజీతో ఏమవుతుందని మీకు అనిపించొచ్చు. చదువు సంగతికొస్తే పెద్దగా ఏమీ అవదు. కానీ రాత్రి పడుకునేటప్పుడు "చెప్పాను, చేశాను" అని ఒక లెక్క జమ అవుతుంది. లోపల నవ్వేవాడి నోరు మూయించేది ఆ జమే.

ఇందులో ఒక చిక్కుంది, నేను మూడుసార్లు పడ్డాను. ఉత్సాహంగా ఉన్న రోజు ముప్ఫై పేజీలు చదివేస్తాం. మర్నాటి నుంచి ముప్ఫయ్యే లెక్క అనిపిస్తుంది. నాలుగోరోజు ఇరవై చదివి కూడా ఓడిపోయినట్టు మూలుగుతాం. ఎక్కువ చదవండి, అభ్యంతరం లేదు. మాట మాత్రం ఒక పేజీ దగ్గరే ఉంచండి. మిగతాదంతా కొసరు. కొసరును అసలులో కలపకూడదు.

ఒక "గానే", ఒక "తే"

పీటర్ గోల్విట్జర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1990ల్లో ఒక చిన్న సంగతి పట్టుకున్నాడు. "ఫలానా పని చేస్తాను" అని ఊరుకున్నవాళ్లకన్నా, "ఫలానా సందర్భం రాగానే ఫలానా పని చేస్తాను" అని ముందే తేల్చుకున్నవాళ్లు ఆ పనిని ఎక్కువగా పూర్తిచేస్తున్నారు. 2006లో ఆయన, పాస్కల్ షీరన్ కలిసి అలాంటి 94 పరీక్షల ఫలితాలను ఒకచోట చేర్చి చూశారు. అదే తేలింది, తేడా కూడా చిన్నదేం కాదు. సందర్భం ముందే నిర్ణయమైపోతే అప్పటికప్పుడు ఆలోచించే పని తప్పుతుంది. "ఇప్పుడే చేద్దామా, కాసేపాగుదామా" అని మనతో మనం బేరమాడుకునే ఆ అరనిమిషమే కదా కొంప ముంచేది.

తెలుగులో దీనికి పెద్ద సరంజామా అక్కర్లేదు. మీ మాటను "గానే"తో రాయండి: "పొద్దున పళ్లు తోముకోగానే బల్ల దగ్గర కూర్చుని ఒక పేజీ చదువుతాను." "రోజూ పొద్దున" అని రాస్తే చాలదు. పొద్దున అనేది మూడు నాలుగు గంటల పొడవుంటుంది, అందులో ఎక్కడైనా జారిపోవచ్చు. పళ్లు తోముకోవడానికి అంత చోటు లేదు. ఆ తర్వాత అడ్డంకి కోసం "తే"తో ఇంకో వాక్యం: "లేవడం ఆలస్యమైతే మధ్యాహ్నం భోంచేసి లేచే ముందు చదువుతాను." మీకు వచ్చే అడ్డంకి ఏదో ఊహించుకునే పని లేదు, మొదటి వారం కాగితంలోనే ఉంది. రెండు వాక్యాలూ చేత్తో రాసి, అద్దం మీదో తలుపు మీదో అంటించండి.

అడుసు తొక్కకుండా దారి మార్చుకోండి

నాకు అన్నిటికన్నా ఎక్కువ పనికొచ్చింది ఇదే, కాబట్టి కాస్త ఎక్కువే చెబుతాను.

నిగ్రహం ఉన్నవాళ్లంటే, ఊరించేదాన్ని కళ్లముందు పెట్టుకుని పళ్లు బిగబట్టి కూర్చునేవాళ్లని మన ఊహ. విల్హెల్మ్ హాఫ్‌మన్ అనే పరిశోధకుడి బృందం జర్మనీలో 205 మందికి చిన్న పరికరాలిచ్చి, వారంపాటు రోజులో అనేకసార్లు అడిగింది: ఇప్పుడు దేని మీదకైనా మనసు లాగుతోందా, దాన్ని ఆపుకుంటున్నారా అని. 2012లో ఫలితాలు వెలువడ్డాయి. నిగ్రహం ఎక్కువున్నవాళ్లకు అసలు ఆపుకోవాల్సిన పరిస్థితే తక్కువగా వస్తోంది! వాళ్లు పోట్లాటలో గెలవడం కాదు, పోట్లాట జరిగే వీధిలోకే వెళ్లడం లేదు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని మన సామెత ఎప్పుడో చెప్పింది ఇదే.

వాల్టర్ మిషెల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో 1960ల చివర్లో మొదలుపెట్టిన మార్ష్‌మెలో ప్రయోగం గురించి మీరు వినే ఉంటారు. ఒక మిఠాయి ఇప్పుడే తింటావా, కాసేపాగితే రెండు ఇస్తాం అని చిన్నపిల్లల్ని అడగడం. ఆగగలిగిన పిల్లలే పెద్దయ్యాక బాగుపడ్డారని దాని మీద కథలు కథలుగా చెబుతుంటారు. 2018లో 900 మందికి పైగా పిల్లల వివరాలతో మళ్లీ చూస్తే, ఇంటి పరిస్థితుల్ని లెక్కలోకి తీసుకున్నాక ఆ సంబంధం చాలావరకు పలచబడిపోయింది. కాబట్టి ఆ కథను మీ పిల్లల మీద ప్రయోగించకండి. నాకు నచ్చేది అందులో వేరే ముక్క. మిఠాయి కనబడకుండా మూత పెడితే పిల్లలు ఎక్కువసేపు ఆగగలిగారు. పిల్లల్లో మార్పేమీ లేదు, మధ్యలోకి మూత వచ్చిందంతే.

మీకు కావాల్సిన మూతలేవో చూసుకోండి. చిక్కు ఫోన్‌తోనే అయితే "తక్కువ చూస్తాను" అని ఒట్లు పెట్టుకోవడం మానేసి, రాత్రి ఛార్జింగ్ పెట్టే చోటు మార్చండి. పడకగదిలో ఉండకూడదు. పొద్దున లేవడానికి మామూలు అలారం గడియారం పెట్టుకోండి, లేదంటే అలారం వంకతో ఫోన్ మళ్లీ దిండు పక్కకు చేరుతుంది. మిమ్మల్ని ఎక్కువగా లాగే యాప్ నుంచి వాడిన ప్రతిసారీ లాగౌట్ అవ్వండి, పాస్‌వర్డ్ సేవ్ చేయకండి. పాస్‌వర్డ్ కొట్టేలోపు "అసలెందుకు తెరిచాను?" అని చాలాసార్లు స్పృహలోకి వస్తాం. చేయాల్సిన పని విషయంలో దీన్ని తిరగేసి చేయాలి. చదవాల్సిన పుస్తకం రాత్రే బల్లమీద తెరిచి ఉంచండి. నడకకు వేసుకునే బూట్లు తలుపు పక్కనే ఉండాలి, డబ్బాలో అట్టడుగున కాదు.

మనుషులు కూడా పరిసరాల్లో భాగమే. "ఏంటి, అప్పుడే యోగివైపోయావా" అని ఎగతాళి చేసే స్నేహితుడితో వాదించి లాభం లేదు. ఆ పని చేసుకునే టైములో అతని పక్కన లేకుండా చూసుకుంటే చాలు. స్నేహం తెంచుకోనక్కర్లేదు.

తప్పిన రోజు ఏం చేయాలో ముందే రాసిపెట్టుకోండి

21 రోజులు చేస్తే ఏదైనా అలవాటైపోతుందని అందరూ అంటారు. ఈ లెక్క మూలం మాక్స్‌వెల్ మాల్ట్జ్ అనే అమెరికన్ ప్లాస్టిక్ సర్జన్ 1960లో రాసిన మాట. ఆపరేషన్ అయ్యాక కొత్త ముఖం అలవాటు కావడానికి రోగులకు కనీసం 21 రోజులు పడుతోందని ఆయన గమనించాడు. చేతులు మారుతూ వచ్చేసరికి "కనీసం" జారిపోయింది, ముఖం సంగతీ జారిపోయింది, అంకె మాత్రం మనదాకా వచ్చింది. లండన్‌లో ఫిలిప్పా లాలీ బృందం 96 మందిని 84 రోజులు గమనించి 2009లో ప్రకటించిన లెక్క వేరు. ఒక పని దానంతటదే జరిగే స్థాయికి రావడానికి పట్టే కాలం మనిషిని బట్టి, పనిని బట్టి 18 రోజుల నుంచి 254 రోజుల దాకా ఉండొచ్చని వాళ్ల అంచనా. నడిమి లెక్క 66 రోజులు. కాబట్టి 22వ రోజున కూడా బద్ధకంగా అనిపిస్తే మీలో లోపమేదో ఉన్నట్టు కాదు.

అదే పరిశోధనలో నాకు ఇంకా పెద్దగా కనిపించిన సంగతి ఒకటుంది. ఒక్కరోజు తప్పినంత మాత్రాన అలవాటు పడటం దెబ్బతినలేదు. ఇది చదివిన రోజు ఏడు నోటుబుక్కులూ కిందకు దించి చూశాను. ప్రతిదాంట్లో చివరి టిక్కు పక్కన ఒక ఖాళీ గడి. ఆ గడి నన్నేమీ చేయలేదు. దాన్ని చూసి "ఇంకేముంది, అయిపోయింది" అని పుస్తకం మూసింది నేనే.

అందుకని తప్పిన రోజుకు కొన్ని కట్టుబాట్లు పెట్టుకున్నాను. వరసగా రెండోరోజు తప్పకూడదు. రెండోరోజు ఎంత నాసిరకంగా చేసినా సరే, టిక్కే. నిన్నటి బాకీని ఇవాళ కలిపి తీర్చకూడదు. ఒక పేజీ తప్పితే మర్నాడు రెండు, అదీ తప్పితే మూడు అని పెట్టుకుంటే బాకీ వడ్డీలా పెరిగి, చివరికి ఎగ్గొట్టడమే మిగులుతుంది. మూడోది, తిట్టుకోవడానికి బదులు ఒక్క వాక్యం రాయాలి: "నిన్న తప్పింది, ఫలానా కారణంగా." అదే కారణం మూడుసార్లు వస్తే మార్చాల్సింది "గానే" వాక్యాన్ని.

తిట్టుకోకపోతే బుద్ధెలా వస్తుందని అడిగేవాళ్లున్నారు. కెనడాలో మైఖేల్ వోల్ బృందం 2010లో ప్రచురించిన పరిశోధన డిగ్రీ మొదటి ఏడాది విద్యార్థుల మీద. మొదటి పరీక్షకు చదువు వాయిదా వేసినందుకు తమను తాము క్షమించుకున్నవాళ్లు తర్వాతి పరీక్షకు తక్కువ వాయిదా వేశారు. ఎందుకో ఊహించడం కష్టం కాదు. పుస్తకం కనబడగానే తప్పు చేసిన భావన గుచ్చుతుంటే పుస్తకం నుంచే పారిపోతాం.

టెన్షన్ అనే సంచి విప్పండి

మాట మీద నిలబడటం బాగున్న రోజుల్లో తేలికే. ఎవరో ఒక మాట అన్నారు, ఏదో పోయింది, రావాల్సింది రాలేదు, ఆ రోజు సంగతేమిటి?

ఏమైందని ఎవరైనా అడిగితే "టెన్షన్‌గా ఉంది" అంటాం. పరీక్ష ముందు టెన్షన్, బాస్ అరిస్తే టెన్షన్, స్నేహితుడు మెసేజ్‌కు జవాబివ్వకపోతే టెన్షన్. అన్నీ ఒకే సంచిలో కుక్కి మూతి కట్టేశాం. మన భాషలో వీటికి ఎన్ని పేర్లున్నాయో చూడండి: గుబులు, బెంగ, దిగులు, చిరాకు, విసుగు, ఉక్రోషం, కినుక, అసూయ, చిన్నతనం, నామోషీ. ఒకటి ఇంకోదాని బదులు సరిపోదు. గుబులు రాబోయేదాని గురించి, దిగులు చాలాసార్లు పోయినదాని గురించి. కోపం ఎదుటివాడి మీద వస్తుంది. ఉక్రోషం ఏమీ చేయలేకపోతున్నామనే కోపం, అందులో సగం మన మీదే.

పేరు తెలిస్తే మందు తెలుస్తుంది. గుబులుకు సన్నాహం కావాలి, అంటే కాగితం తీసి జరగబోయేదానికి మొదటి మూడు పనులు రాసుకోవడం. బెంగ మనిషి గొంతు వింటే తగ్గుతుంది, ఫోన్ చేయండి. విసుగుకు విశ్రాంతి. ఉక్రోషం వచ్చినప్పుడు మీ చేతిలో ఉన్న పని ఏదైనా, ఎంత చిన్నదైనా వెతికి పూర్తిచేయండి. చిన్నతనంగా అనిపించినప్పుడు మాత్రం ఆ రాత్రికి ఏమీ చేయకపోవడమే మేలు, అది టైముతోనే తగ్గుతుంది. 2007లో మాథ్యూ లీబర్‌మన్ బృందం కోపం, భయం లాంటివి కనబడే ముఖాల ఫొటోలు చూపించి, ఆ భావానికి పేరు చెప్పమన్నప్పుడు మెదడులో ఏం జరుగుతుందో స్కాన్ చేసింది. ఆపదకు స్పందించే అమిగ్డలా అనే భాగంలో చురుకుదనం తగ్గింది.

మింగేసి నవ్వుముఖం పెట్టడాన్ని చాలామంది ధైర్యమనుకుంటారు. జేమ్స్ గ్రాస్, రాబర్ట్ లెవెన్‌సన్ 1990ల్లో కొందరికి మనసు కలచివేసే సినిమా దృశ్యాలు చూపిస్తూ, ముఖంలో ఏమీ కనబడనివ్వొద్దన్నారు. ముఖాలు అలాగే ఉంచగలిగారు. బాధ తగ్గలేదు, పైగా శరీరం లోపల ఒత్తిడి సూచనలు పెరిగాయి.

కాబట్టి ఒక్కసారిగా ముంచుకొచ్చినప్పుడు ముందు ఒంటి సంగతి చూడండి. నాలుగు అంకెలు లెక్కపెడుతూ ఊపిరి పీల్చి, ఆరు అంకెలు లెక్కపెడుతూ వదలండి. నిమిషానికి ఆరు శ్వాసలవుతాయి. ఊపిరి వదిలేటప్పుడు గుండె వేగం సహజంగానే కాస్త తగ్గుతుంది, అందుకే వదిలేది ఎక్కువసేపు. రెండు నిమిషాలు చాలు. తర్వాత పేరు పెట్టండి. ఏం చేయాలన్నది ఆ తర్వాతే.

ఇది నేను డబ్బు కట్టకుండా నేర్చుకున్న పాఠం కాదు. పాత ఉద్యోగంలో ఒకసారి మీటింగులో పైఅధికారి నా రిపోర్టులో ఒక వాక్యం పైకి చదివి నవ్వాడు. అందరూ నవ్వారు. ఆ రాత్రి పదకొండింటికి రెండు పేజీల ఈమెయిల్ రాసి పంపాను. అందులో న్యాయమైన మాటలు చాలానే ఉన్నాయి, ఎవరికీ కనబడలేదు. నాలుగు నెలలు ఆ ఈమెయిల్ గురించే సంజాయిషీ ఇచ్చుకున్నాను, ఆ ఏడాది ఇంక్రిమెంటు కూడా పోయింది. ఇప్పటికీ అలాంటివి రాస్తూనే ఉంటాను, కాకపోతే ఎవరికి పంపాలో ఆ గడి ఖాళీగా వదిలేస్తాను. పొద్దున చదివితే రెండు పేజీల్లో రెండు లైన్లు మిగులుతాయి. ఆ రెండు లైన్లకు జవాబొస్తుంది.

ఒక్క మనిషినైనా చూసుకోండి

హవాయి దీవుల్లోని కవాయిలో 1955లో పుట్టిన 698 మంది పిల్లలను ఎమ్మీ వెర్నర్ బృందం దశాబ్దాలపాటు గమనించింది. పేదరికం, ఇంట్లో గొడవలు, తల్లిదండ్రుల మానసిక అనారోగ్యం లాంటి కష్టాలు మీదపడిన పిల్లల్లో సుమారు మూడోవంతు మంది నిలదొక్కుకుని పెద్దయ్యారు. వాళ్ల జీవితాల్లో తరచూ కనిపించినవాటిలో ఒకటి, తమను పట్టించుకునే పెద్దమనిషి ఒకరైనా ఉండటం. కన్నవాళ్లే కానక్కర్లేదు. మనోధైర్యం ఒంటరిగా గది తలుపేసుకుని పెంచుకునేదని నేను కూడా నమ్మేవాణ్ని. ఎవరో ఒకర్ని ఎంచుకోండి, మొదలుపెట్టే ముందే చెప్పండి: "సలహా వద్దు, పది నిమిషాలు విను చాలు." ఇది చెప్పకపోతే ఎంత మంచివాళ్లైనా రెండో నిమిషంలోనే సలహా మొదలుపెడతారు.

ఇంకో ముఖ్యమైన సంగతి. రెండు వారాలకు పైగా దాదాపు రోజంతా దిగులుగా ఉండటం, దేనిమీదా ఆసక్తి లేకపోవడం, నిద్రా ఆకలీ చెడటం ఉంటే అది క్రమశిక్షణ లోపం కాదు. డాక్టర్ని కలవండి. బతకాలని లేదనిపిస్తే ఆ రోజే, ఆ గంటలోనే ఎవరికైనా చెప్పండి.

"చూద్దాం" తగ్గించండి

నలుగురిని నడిపించడం గురించి నాకు చెప్పడానికి ఎక్కువ లేదు, ఎదుటివాళ్లతో మనం అలవోకగా అనేసే మూడు మాటల సంగతి తప్ప. "చూద్దాం", "చేసేద్దాంలే", "ఐదు నిమిషాల్లో ఉంటా". ఒక వారంపాటు ఈ మూడింటినీ నోట రానివ్వకండి. వాటి బదులు తేదీ చెప్పండి, లేదా కుదరదని చెప్పండి. మొదటి రెండు మూడు రోజులు మొహమాటంగా ఉంటుంది. మీ వల్ల జరిగిన పొరపాటును ఎదుటివాళ్లు కనిపెట్టకముందే మీరే చెప్పేయండి. ఇవి రెండూ చేసేవాళ్ల మాటకు ఆఫీసులోనైనా ఇంట్లోనైనా విలువ దానంతటదే వస్తుంది.

వారానికోసారి పది నిమిషాలు కూర్చుని కాగితం చూసుకోండి. ఎన్ని రోజులు నిలబడ్డాను, ఎక్కడ తప్పాను, పరిసరాల్లో ఏది మార్చాలి. ఒక మాట గురించి ఆలోచించకుండానే చేతులు వాటంతటవే పని చేస్తున్నాయని అనిపించాకే రెండోది మొదలుపెట్టండి. నాకు మొదటిదానికి దాదాపు మూడు నెలలు పట్టింది. ఎనిమిదో నోటుబుక్కు కొనలేదు. పాత ఏడింటిలో రెండోదాంట్లో పన్నెండో పేజీ నుంచి ఖాళీగానే ఉంటే అక్కడి నుంచి రాస్తున్నాను.